గోడవార నిచ్చెన

“అది గడప తొక్కితే నేను ఈ ఇంట్ల ఉండ. అంతే.”

విజేందర్ కంచం ముందు నుంచి లేచిపోయాడు. తుంచిన జొన్నరొట్టె ముక్క పప్పులో నానుతూ ఉండిపోయింది.

మూడు రోజులుగా ఇదే మాట. మూడు రోజులుగా షాద్‌నగర్ నుంచి చెల్లెలు గ్లోరీ ఫోన్ చేస్తూనే ఉంది. రేపు తండ్రి సోమన్న ఏడాది మాసికం. బాపు ఫోటో ముందు ఒక్క దీపం పెట్టుకొని పోతానని, అన్నం కూడా ముట్టనని ఆమె బతిమాలుతోంది. అన్న ఫోన్ ఎత్తడు. ఎత్తిన వదిన రూప ఏ మాటా ఇవ్వలేకపోతోంది.

“కన్నబిడ్డ వస్త అంటే వద్దంటరా ఎవలన్న?” రూప టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ అంది. “నిరుడు శవం కాడికి వచ్చినప్పుడు గూడ వాకిట్లనే నిలబెడ్తివి. చంటిపిల్లను ఎత్తుకొని ఎండల నిలబడ్డది. ఇంకెన్ని దినాలు?”

“నీకు తెల్వదు. నువ్వు బడికి పో.”

“ఏం తెల్వదు నాకు?”

రూప అత్త వైపు చూసింది. బిక్షమ్మ గోడకు వీపు ఆనించి, మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకొని కూర్చుంది. కూతురి పేరు వింటే చాలు, ఆమె మొహం తలుపు వేసినట్టు మూతపడిపోతుంది. ఆమె తన సొంత అన్న కొడుక్కు ఇస్తానని మాట ఇచ్చి పూలుపండ్లు పెట్టించుకున్న పిల్ల, లగ్గం పది రోజులుందనగా, కంపెనీలో తనతో పనిచేసే నవీన్‌కుమార్‌ను చర్చిలో పెళ్లి చేసుకుంది. ఆ రోజుతో బిక్షమ్మకు పుట్టిల్లు లేకుండా పోయింది. ఆ తర్వాత కూతురితో ఒక్క మాట మాట్లాడలేదు.

“అత్తమ్మా, నువ్వన్న చెప్పు.”

బిక్షమ్మ ఏదో అనబోయింది. అప్పుడే మిద్దె మీద గలగలమని చప్పుడైంది.

ముగ్గురూ తలలు పైకెత్తారు. చప్పుడు ఆగింది. ఎవరూ మాట్లాడలేదు.

పైన ఉన్నది ఎండిన కంది చెట్లు, అంతే. నిరుడు సోమన్న మిద్దె మీద ఎండబోసిన కందులను ఎవరూ ఎత్తలేదు. వానలకు అవి పిట్టగోడ పగుళ్లలో మొలిచాయి. ఎవరూ పెరకకపోతే పెరిగి, పూసి, కాసి, ఎండిపోయాయి. గాలి తగిలినప్పుడల్లా కాయల్లో గింజలు ఆడతాయి. ఆ చప్పుడేమిటో ఇంట్లో ముగ్గురికీ తెలుసు. తెలిసినా ప్రతిసారీ మాట ఆగిపోతుంది.

ఎక్కి పెరుకుదామంటే నిచ్చెన లేదు. దినాలు కాగానే విజేందర్ దాన్ని గొడ్డలితో నరికి పొయ్యిలో పెట్టాడు. బాపును చంపిన నిచ్చెన ఇంట్లో వద్దన్నాడు. ఊరంతా నిజమే అంది.

రూప డబ్బా సంచిలో వేసుకొని బయటికి నడిచింది.

*

బడి రెండు వీధుల అవతలే. దేవరకొండ నుంచి రోజూ వచ్చిపోయే బాలస్వామి సారు చిన్న తరగతులు చూసుకుంటాడు. నాలుగు, ఐదు తరగతుల పదకొండు మంది పిల్లలు రూప వంతు.

వారం నుంచి కోణాలు చెబుతోంది. పుస్తకంలో బొమ్మలు చూపిస్తే పిల్లలు ఆ పేజీలో గీసి ఉన్నదే లంబకోణం అనుకున్నారు. పుస్తకాన్ని కాస్త పక్కకు తిప్పితే చాలు, గుర్తుపట్టలేకపోయారు. అందుకని తన ఫోన్ వాళ్ల చేతికిచ్చి, బడిలో కోణాలు ఎక్కడెక్కడున్నాయో వెతికి ఫోటోలు తీయమంది.

పిల్లలకు పిచ్చి పట్టినట్టయింది. కిటికీ మూల, తెరిచిన కత్తెర, బోరింగు పిడి, చివరికి వంట చేసే సోమమ్మ గరిటె తిప్పుతున్నప్పుడు ఆమె మోచెయ్యి. ఫోటోను తెర మీద పెద్దది చేసి, రెండు మడతలు పెట్టిన కాగితం మూలను దానికి ఆనించి చూడాలి. సరిగ్గా కూర్చుంటే లంబకోణం. దానికంటే ఇరుకైతే అల్పకోణం, వెడల్పైతే అధికకోణం. కత్తెర పూర్తిగా మూసేస్తే రెండు బ్లేడ్లకూ నడుమ ఏమీ మిగలదు. దాన్ని సున్నా కోణం అనాలని చెప్పింది.

మొన్న జానీ అనే పిల్లవాడు తలుపు ఫోటో తీసుకొచ్చి పంచాయితీ పెట్టాడు. “తలుపు మూల లంబకోణమే గదా టీచర్? కాయితం కూసుంటలేదేంది?”

“నువ్వు ఏడ నిలబడి తీసినవ్?”

“పక్కకు.”

“ఎదురుంగ నిలబడి తియ్యి.”

తీశాడు. కాగితం అతికినట్టు కూర్చుంది. ఆ సంగతి రూప ఇంట్లో అన్నం తినేటప్పుడు మొగుడికి చెప్పుకొని నవ్వింది. విజేందర్ కూడా నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినబడి ఎన్నాళ్లయిందో.

నిన్న ఇంటిపని ఇచ్చింది. ఇంట్లో ఫోన్లలో ఉన్న పాత ఫోటోలలో కోణాలు వెతకాలి. ఇవాళ అందరికంటే ముందు లేచింది త్రివేణి. గొర్రెలు కాసే బీరన్న మనవరాలు. రూప వాళ్ల ఇంటికి ఎదురిల్లే వాళ్లది. తల్లి ఫోన్‌ను చేతిరుమాలులో చుట్టుకొని తెచ్చింది.

“టీచర్, గిది మా గొర్రెపిల్ల. పుట్టిన దినం తీసిన. ఇప్పుడు పెద్దగైంది.”

“కోణం ఏడున్నది?”

“పిల్లను చూడకుండ్రి, దాని వెనక చూడుండ్రి. మీ ఇల్లు.”

రూప చూసింది. ఒళ్లు ఇంకా ఆరని గొర్రెపిల్ల. దాని వెనక వీధి. వీధి అవతల తమ ఇంటి పక్కగోడ.

“నిచ్చెన గోడకు నిలబెడితే నేలకు నిచ్చెనకు నడుమ అల్పకోణం ఉంటదని చెప్పిండ్రు గదా? ఈడ నిచ్చెన కింద పండుకున్నది. నేల మీదనే ఉన్నది. నడుమ ఏం లేదు. గిది సున్నా కోణం!”

పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. రూప రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసింది.

నిచ్చెన గోడవారగా, గోడ పొడవునా సాపుగా పడుకోబెట్టి ఉంది. వేళ్లు పైకి జరిపింది. మిద్దె అంచున మామ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, తెల్ల ధోవతి, భుజానికి గుడ్డసంచి. ఊరికి పోయేవాడి లాగా ఉన్నాడు. వాకిట్లో విజేందర్ ఎర్ర బండి.

ఫోటో తీసిన తేదీ చూసింది. నిరుడు ఇదే నెల. సోమన్న చచ్చిపోయిన రోజు. నాలుగుంపావు.

ఆ రోజు రూప నల్లగొండలో ట్రైనింగుకు పోయింది. తిరిగి వచ్చేసరికి మామను వాకిట్లో పడుకోబెట్టారు. కందులు ఎత్తడానికి మిద్దె ఎక్కాడనీ, దిగుతుంటే నిచ్చెన జారిందనీ చెప్పారు. విజేందర్ పల్లిచేను కాడ మోటరు పెడుతున్నాడనీ, ఎవరో కబురు చేస్తే ఉరికొచ్చాడనీ చెప్పారు. చెప్పింది విజేందరే.

దిగుతుంటే జారిన నిచ్చెన, మామ మిద్దె మీద నిలబడి ఉండగానే కింద ఎందుకుంది?

“టీచర్, రైటేనా?”

రూప ఫోన్‌ను తనవైపు తిప్పుకుంది. మిగతా పిల్లలు బల్లల మీది నుంచి మెడలు చాచి చూస్తున్నారు.

“కాదు,” అంది.

“కాదా?”

“ఇందుల కోణం లేదు. వేరే ఫోటో తే.”

“సున్నా గూడ కోణమే అని మీరే చెప్పిండ్రు గదా టీచర్?”

“కాదన్న గదా త్రివేణీ! కూసో.”

గదంతా చప్పబడింది. రూప టీచర్ గట్టిగా అరవడం పిల్లలెవరూ ఎన్నడూ వినలేదు. ఫోటోను తన ఫోన్‌కు పంపుకొని, త్రివేణి ఫోన్ త్రివేణికి ఇచ్చేసింది. ఆ పిల్ల తలవంచుకొని కూర్చుంది. నోటుపుస్తకంలో రాసుకొచ్చిన జవాబును రబ్బరుతో తుడుస్తోంది. కాగితం చిరిగేదాకా తుడుస్తూనే ఉంది.

పన్నెండేళ్ల ఉద్యోగంలో సరైన జవాబును తప్పని రూప చెప్పడం అదే మొదటిసారి.

*

బడి విడిచి ఇంటికి వచ్చేసరికి విజేందర్ సోమన్న ఫోటోకు అద్దం తుడుస్తున్నాడు. దేవరకొండలో కొత్తగా ఫ్రేము కట్టించి తెచ్చాడు. బిక్షమ్మ చాటలో రేపటి బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతోంది.

రూప సంచి కూడా దించలేదు. ఫోన్ తీసి మొగుడి ముందు పెట్టింది.

“గొర్రెపిల్ల. అయితే ఏంది?” అన్నాడు.

“వెనక చూడు.”

చూశాడు. చాలాసేపు చూశాడు. ఫోన్ ఆమెకిచ్చి మళ్లీ అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

“ఎవలు తీసిండ్రు?”

“త్రివేణి.”

“ఎవలెవలు చూసిండ్రు?”

రూపకు అప్పటిదాకా ఎక్కడో చిన్న ఆశ ఉండింది. అది అక్కడే పోయింది. అందులో ఏముందని అడగలేదు. ఎవరు చూశారని అడిగాడు.

“పోరలు చూసిండ్రు. వాళ్లకు నిచ్చెన ఒక్కటే కనబడ్డది. నాకు మిగిలినయి కనబడ్డయి.”

“ఫోటోలు అబద్ధం చెప్తయి. నువ్వే చెప్తివి గద, పక్కకు నిలబడి తీస్తే మూల గూడ వంకర కనబడ్తదని?”

“మూల వంకర కనబడ్తది. నిలబెట్టిన నిచ్చెన పండుకున్నట్టు కనబడదు.”

“గాలికి పడ్డదేమో.”

“గాలికి పడ్డ నిచ్చెన గోడవార గంత సాపుగ పండుకుంటదా? ఎవలో రెండు చేతులతోటి పట్టుకొని పెట్టినట్టున్నది. సరే, గాలే అనుకో. మరి నీ బండి? చేను కాడ ఉన్నన్నవు గదా?”

బట్ట అద్దం మీద తిరుగుతూనే ఉంది. సోమన్న మొహం మీదే మళ్లీ మళ్లీ తిరుగుతోంది.

చాటలో బిక్షమ్మ చెయ్యి ఆగిపోయింది.

“బస్సు పోయేదాక,” అన్నాడు విజేందర్ చివరికి. “నాలుగున్నర బస్సు పోయేదాక. అంతే రూపా. బస్సు పోయినంక మల్ల పెడ్దమనుకున్న.”

“ఏం బస్సు?”

“షాద్‌నగర్ పోత అన్నడు. తెల్లారి చర్చిల మనుమరాలికి పేరు పెడుతున్నరట. చూసొస్త అన్నడు. పోవద్దన్న. మన ఇజ్జత్ తీసినదాని ఇంటికి పోతవా అన్న. ఇనలే. చొక్క తొడుక్కున్నడు. మన చేను కందులు బిడ్డ తింటదని, సంచిల ఎత్తుకొస్తనని మీదికెక్కిండు. నాకు మండింది. నిచ్చెన తీసి కింద పెట్టిన.”

“మామ ఏమనలే?”

“మొదలు నవ్విండు. ‘చిన్నపోరని లెక్క చేస్తున్నవేందిరా, పెట్టు’ అన్నడు. నేను ఇంటెనక్కు పోయి కూసున్న. ఆడికి గూడ ఇనబడ్డది. విజేందరా, విజేందరా అని మూడుసార్లు పిలిచిండు. ఊరి బయట బస్సు హారన్ కొట్టింది. ఇగ పిలువలే. మానుకున్నడేమో అనుకున్న.” బట్టను పిడికిట్లో నలిపాడు. “కిటికీ సజ్జ మీద కాలు పెట్టి దిగబోయిండు.”

వీధిలోంచి బీరన్న గొర్రెలు ఇంటికి మళ్లుతున్నాయి. గొర్రెల అరుపులు, గిట్టల చప్పుడు వాకిలి ముందు నుంచి దాటిపోయాయి.

“ఏడాది నుంచి ఇనబడ్తనే ఉన్నది,” అన్నాడు విజేందర్. “అద్దరాత్రి గాదు, పట్టపగలు. మోటరు కాడ ఉంటే ఇనబడ్తది. నీతోటి మాట్లాడుతుంటే ఇనబడ్తది.”

రూపకు ఏడుపు రాలేదు. రెండు వీధులే అయినా మామ తనను బడి దాకా సైకిలు మీద దింపిన రోజులు గుర్తుకొచ్చాయి. మా కోడలు టీచరమ్మ అని దారిలో కనబడిన ప్రతి మనిషికీ చెప్పేవాడు.

“అందరికి నిచ్చెన జారిందని చెప్పినవ్. నాకు గూడ గట్లనే చెప్పినవ్. ఏడాది పొడుగునా నా పక్కన పండుకొని...”

“వాణ్ణేమనకు.”

బిక్షమ్మ గొంతు. ఇద్దరూ తిరిగి చూశారు.

“వాణ్ణేమనకు బిడ్డా. తియ్యమన్నది నేనే.”

“అమ్మా, నువ్వూకో,” అన్నాడు విజేందర్.

“ఇంక ఊకోను. ఏడాదంత ఊకున్న గదా?” బిక్షమ్మ చాట పక్కకు జరిపింది. “నా అన్న నా మొహం చూస్తలేడు. నా తల్లి సచ్చిపోతే గూడ నాకు కబురు పెట్టలే. గంత చేసిన పిల్ల ఇంటికి గీయిన ఇస్త్రీ చొక్క తొడుక్కొని పోతుంటే నా పాణం ఊకోలే. నిచ్చెన తియ్యిరా, ఎట్ల పోతడో చూస్త అన్న. వాడు తీసిండు.”

ఆమె అరచెయ్యి గోడకు ఆనించింది.

“నేను గీ గోడ కాడనే కూసున్న. వాణ్ణి పిలిచినంక నన్ను గూడ పిలిచిండు. బిక్షమ్మా అన్నడు. ముప్పై ఎనిమిదేండ్ల కాపురంల మీ మామ నన్ను పేరు పెట్టి పిలువలే. ఓ ఇగో అనెటోడు, ఏమే అనెటోడు. గా ఒక్కపారే పేరు పెట్టి పిలిచిండు. నేను లేవలే.”

సోమన్న ఫోటో విజేందర్ ఒళ్లో వెల్లకిలా ఉంది. దాన్ని అతను మెల్లగా గోడకు ఆనించాడు. గబుక్కున లేచి రూప ముందుకొచ్చాడు.

“చెప్పిన గదా. అయిపోయింది. ఇప్పుడు గా ఫోటో తీసెయ్. ఆ పిల్లకు చెప్పి వాళ్ల ఫోన్ల నుంచి గూడ తీపియ్యి. రేపు చుట్టాలందరు వస్తరు. బీరన్న చూసిండనుకో, ఊరంత పాకుతది.”

“ఆ పిల్లకు ఏమని చెప్పాలె?”

“ఏదో ఒకటి చెప్పు. టీచర్ చెప్తే ఇంటది.”

“ఇంటది,” అంది రూప. “నేను చెప్తే ఇంటది. అందుకే ఇయ్యాల దాన్ని తప్పన్న. అది కండ్లతోటి చూసి, ఆలోచన చేసి, సరిగ్గ చెప్పింది. నేను పదిమంది ముందట తప్పు అని కూసోబెట్టిన. దేనికోసం? నువ్వు అడగకముందే నిన్ను కాపాడిన.”

“రూపా...”

“నీ ఇంట్ల నువ్వేం చెప్పుకుంటవో చెప్పుకో. నా బడిల అబద్ధం నడువదు.”

ఆమె ఫోన్‌లో త్రివేణి తల్లి నంబరు తీసి, మాట రికార్డు చేసే గుర్తు మీద బొటనవేలు పెట్టింది.

“త్రివేణీ, నేను రూప టీచర్‌ను. పొద్దున నువ్వు చెప్పిందే రైటు. అది సున్నా కోణమే. నిచ్చెన నేల మీదనే ఉన్నది. తప్పు చెప్పింది నేను. బడికి వచ్చినంక అందరి ముందట గూడ చెప్త. తుడిచినకాడ మల్ల రాసుకో, బిడ్డా.”

విజేందర్ చెయ్యి చాచేలోపల ఆమె బొటనవేలు ఎత్తింది. మాట వెళ్లిపోయింది.

ఆ చెయ్యి గాలిలో ఉండగానే బిక్షమ్మ గోడ పట్టుకొని లేచి నిలబడింది.

“గ్లోరీకి కలుపు,” అంది కోడలితో.

“అమ్మా, ఏమంటున్నవ్?”

“రేపు పదిమంది నోట ఇంటదా? నా నోట ఇననియ్యి. కలుపు రూపా.”

రూప కలిపి, గొంతు అందరికీ వినిపించేట్టు పెట్టి, అత్త ముందు పట్టుకుంది. ఒక్కసారి మోగగానే అవతల ఎత్తారు. వెనక పసిపిల్ల ఏవో వచ్చీరాని మాటలు పలుకుతోంది.

“వదినా! రమ్మన్నరా?”

బిక్షమ్మ పెదాలు కదిలాయి.

“నేను బిడ్డా,” అంది.

రెండేళ్లకు పైనే అయింది ఆ గొంతు ఆ చెవిన పడక.

“అమ్మా?”

“నేను చెప్పేది ఇను. నడుమ మాట్లాడకు. మల్ల నాకు చెప్ప చేతగాదు. మీ బాపు కాలు జారి పడలే. నిచ్చెన జారలే. నీ కాడికి రావొద్దని మేమే తీసినం. మీ అన్న తీసిండు, తియ్యమన్నది నేను. నువ్వు నన్ను తిట్టు, ఏమన్న చెయ్యి. వాడు నీ అన్న.”

ఆమె ఊహించిన కేక రాలేదు. శాపనార్థాలు రాలేదు. గ్లోరీ గొంతు చాలా తగ్గి వినిపించింది.

“నాకెరుకే అమ్మా.”

విజేందర్ తల ఎత్తాడు.

“బాపు మిద్దె మీది నుంచి నాకు ఫోన్ చేసిండు. ‘మీ అన్న నిచ్చెన తీసి అలిగి కూసున్నడు బిడ్డా, ఇయ్యాల బస్సు అందదు, వాని కోపం దిగినంక రేపు పొద్దుగాల వస్త’ అన్నడు. నవ్వుకుంటనే చెప్పిండు. ఆయనకేం కోపం లేదు.”

సోమన్న ఫోన్ ఆ రోజు వాకిట్లో ముక్కలై దొరికింది. దాన్ని ఊడ్చి పారేసింది రూపే. అందులో చివరి మాట ఎవరితో మాట్లాడాడని ఎవరూ అడగలేదు.

విజేందర్ ఫోన్ దగ్గరికి వచ్చాడు. చెల్లెలితో మాట్లాడక అతనికీ అన్ని రోజులే అయింది.

“రేపొస్తనన్నోడు...” ఫోన్ మీదికి వంగాడు. “రేపొస్తనన్నోడు మల్ల ఎందుకు దిగబోయిండే?”

అవతల పసిపిల్ల ఏడుపు అందుకుంది. ఎవరూ ఎత్తుకుంటున్నట్టు లేదు.

“నేను రమ్మన్న అన్నా,” అంది గ్లోరీ. “ఏడ్చిన. ‘మా అత్తగారోళ్లందరి ముందట నాకెవలు లేరా? ఇయ్యాల రాకుంటే ఇంకెన్నడు రాకు బాపు’ అన్న. అని ఫోన్ పెట్టేసిన. ఏడాది సంది ఎవలకు చెప్పలే. నవీన్‌కు గూడ చెప్పలే. నీకు చెప్పనీకే రేపు వస్తనంటున్న.”

బిక్షమ్మ నిలబడ్డ చోటే కూలబడింది. చాట తన్నుకొని బియ్యం నేల మీద చెల్లాచెదురైంది.

“అన్నా, ఉన్నవా? ఇప్పుడు చెప్పు. రావాల్నా, వద్దా?”

విజేందర్ రూప చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. నోటిదాకా తెచ్చుకున్నాడు.

బయట వాకిట్లో ఎవరో చేతికర్ర నేలకు తాటించిన చప్పుడు. “విజేందరా,” అని బీరన్న పిలుస్తున్నాడు. “మా పిల్ల ఏందో ఫోటో చూపిస్తున్నది. జర బయటికి రా.”